మూన్ లవర్స్: 20 ఎపిసోడ్లు చూశాక కూడా వెలితి ఎందుకు? ఆ టైమ్ ట్రావెల్ ప్రేమకథలో అసలు లోపం ఇదే

కె-డ్రామాలు చూసేవాళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. ‘మూన్ లవర్స్ చూడు, కానీ లాస్ట్ ఎపిసోడ్ తర్వాత నన్ను తిట్టకు’ అని. 2016లో వచ్చిన ఈ కొరియన్ హిస్టారికల్ సిరీస్ పూర్తి పేరు ‘మూన్ లవర్స్: స్కార్లెట్ హార్ట్ ర్యో’. ఐయూ, లీ జూన్-గి జంట, ఎనిమిది మంది రాకుమారులు, వెయ్యేళ్ల వెనక్కి వెళ్లే హీరోయిన్.. ఇన్ని ఉన్నా చివరికి చాలామందికి మనసు నిండలేదు. సీజన్ 2 కావాలంటూ ఫ్యాన్స్ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. అది రాలేదు.

ఏడిపించే ముగింపు ఉంటే చాలు, సిరీస్ ఫెయిల్ అయినట్టేనా? కాదు. విషాదాంత ప్రేమకథలు మనకు కొత్తేం కాదు. మరి ఇక్కడ బాధ కంటే అసంతృప్తి ఎందుకు ఎక్కువైంది? వివరంగా చూద్దాం. (స్పాయిలర్ అలర్ట్: క్లైమాక్స్ కూడా కింద ఉంది.)

అసలు కథేంటి?

గో హా-జిన్ ఈ కాలపు అమ్మాయి. నమ్మిన ప్రియుడు, ఫ్రెండ్ ఇద్దరూ మోసం చేస్తారు. చెరువు పక్కన కూర్చుని తాగుతూ, పరిచయం లేని ఓ వ్యక్తికి తన గోడు చెప్పుకుంటుంది. అంతలో నీళ్లలో మునిగిపోతున్న పిల్లాడిని కాపాడటానికి దూకుతుంది. అదే టైమ్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం. కళ్లు తెరిచి చూస్తే గోర్యో రాజ్యం, క్రీ.శ. 941. ఆమె ఇప్పుడు హే సూ అనే మరో అమ్మాయి శరీరంలో ఉంది.

గోర్యో స్థాపకుడు తేజో వాంగ్ గాన్. ఆయనకు 29 మంది భార్యలని చరిత్ర చెబుతోంది. అంటే సింహాసనానికి పోటీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. హే సూ మొదట ఎనిమిదో రాకుమారుడు వాంగ్ ఉక్‌కు (కాంగ్ హా-నల్) దగ్గరవుతుంది. తర్వాత ముఖం మీద మచ్చతో, మాస్క్ పెట్టుకుని తిరిగే నాలుగో రాకుమారుడు వాంగ్ సోను (లీ జూన్-గి) ప్రేమిస్తుంది. ఆ వాంగ్ సోనే ముందుముందు గ్వాంగ్‌జాంగ్ అనే రాజవుతాడు. సోదరుల రక్తం కళ్లజూసిన రాజుగా పేరు పడేది కూడా అతనికే.

దర్శకుడు కిమ్ క్యు-తే. ఎస్‌బీఎస్ ఛానెల్‌లో 2016 ఆగస్టు 29 నుంచి నవంబర్ 1 వరకు ప్రసారమైంది. హాలీవుడ్ సంస్థ ఎన్‌బీసీ యూనివర్సల్ కూడా ఇందులో పెట్టుబడి పెట్టింది. అంటే అంచనాలు మామూలుగా లేవు. కానీ కొరియాలో మొదటి ఎపిసోడ్ రేటింగ్ 7 శాతం దగ్గరే ఆగింది. అదే స్లాట్‌లో కేబీఎస్‌లో వచ్చిన ‘లవ్ ఇన్ ది మూన్‌లైట్’ 20 శాతం దాటి దూసుకెళ్లింది. మూన్ లవర్స్ ఫినాలేకు వచ్చేసరికి 11 శాతం దాటి కాస్త పుంజుకుంది. విదేశాల్లో మాత్రం పెద్ద ఫ్యాన్ బేస్ వచ్చింది. ఇప్పటికీ కొత్తవాళ్లు చూస్తున్నారు, ఏడుస్తున్నారు, తిడుతున్నారు.

అదే వేంగిలో జరిగి ఉంటే?

ఈ కథలో పాయింట్ పట్టుకోవాలంటే ఒక్కసారి మన గడ్డ మీదికి రావాలి. దెందులూరు, పెదవేగి పేర్లు ఇప్పుడు ఎన్నికల వార్తల్లోనే ఎక్కువగా వినిపిస్తాయి. కానీ గోర్యోలో అన్నదమ్ములు సింహాసనం కోసం కొట్టుకున్న రోజుల్లో ఇక్కడా సరిగ్గా అదే కథ నడిచింది.

ఏలూరుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగే ఒకప్పటి వేంగి. తూర్పు చాళుక్యుల రాజ్యానికి ఆ పేరే స్థిరపడింది. దెందులూరు కూడా పాత ఊరే. విష్ణుకుండినుల శాసనంలో కనిపించే లెందులూరు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఊళ్లోని భీమలింగదిబ్బ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ఉంది.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. గోర్యోలో తేజో 943లో చనిపోయాడు. కొడుకు హేజాంగ్ రెండేళ్లు, మరో కొడుకు జంగ్‌జాంగ్ నాలుగేళ్లు పాలించారు. 949లో గ్వాంగ్‌జాంగ్ గద్దెనెక్కి 975 వరకు ఏలాడు. వేంగిలో రెండో అమ్మరాజు 945లో రాజయ్యాడు. సుమారు 970లో సవతి సోదరుడు దానార్ణవుడి చేతిలో ప్రాణం, రాజ్యం రెండూ పోగొట్టుకున్నాడు. ఆ దానార్ణవుడిని కూడా మూడేళ్లలోనే తెలుగు చోడుడు జటాచోడ భీముడు చంపేశాడు. దానార్ణవుడి కొడుకులు ప్రాణాలు దక్కించుకుని చోళుల పంచన చేరారు. దాదాపు 27 ఏళ్ల తర్వాత గానీ ఆ వంశానికి మళ్లీ సింహాసనం దక్కలేదు.

అంటే రెండు చోట్లా ఒకే శతాబ్దం, ఒకే రకం గొడవ. ఒక తండ్రికి పుట్టినా వేర్వేరు తల్లుల కొడుకులు, ఒకే కుర్చీ.

ఇప్పుడు ఊహించుకోండి. దెందులూరులో డిగ్రీ చదివే ఓ అమ్మాయి గ్రహణం రోజు కొల్లేరులో పడి 960లో వేంగి రాజవాడలో లేచిందనుకుందాం. ఆమెకు ఏం తెలిసుంటుంది? స్కూల్ పుస్తకంలో చదివిన రాజరాజ నరేంద్రుడు, నన్నయ గుర్తుంటారు. కానీ వాళ్ల కాలం రావడానికి ఇంకా అరవై ఏళ్లు పైనే ఉంది. తన ఎదురుగా ఉన్న అమ్మరాజును పదేళ్లలో ఎవరు చంపుతారో ఆమెకు తెలియదు. ఒకవేళ ‘దానార్ణవుడు’ అన్న పేరు ఎప్పుడో పరీక్ష కోసం బట్టీ పట్టి ఉంటే? ఆ పేరున్న మనిషే తనతో నవ్వుతూ మాట్లాడితే? చెప్పాలా, చెప్పకూడదా? చెబితే ఆపినట్టా, తానే నిప్పు పెట్టినట్టా?

సగం తెలిసీ సగం తెలియని ఈ జ్ఞానమే టైమ్ ట్రావెల్ ప్రేమకథకు ప్రాణం. హా-జిన్ చేతిలో ఉన్నదీ అదే. గ్వాంగ్‌జాంగ్ సోదరులను చంపిన క్రూరుడని లీలగా గుర్తుంది. వాంగ్ సోనే ఆ గ్వాంగ్‌జాంగ్ అని ఆలస్యంగా తెలుస్తుంది. ఇంతకంటే మంచి సెటప్ ఏం కావాలి? కానీ సిరీస్ దాన్ని పూర్తిగా వాడుకోలేదు.

లోపం 1: భవిష్యత్తు తెలిసినా పనికిరాలేదు

మొదటి ఆరేడు ఎపిసోడ్లలో హా-జిన్ ఈ కాలం అమ్మాయిలాగే ఉంటుంది. రాకుమారుడితోనే చేయి చేసుకుంటుంది, అన్యాయం కనిపిస్తే నిలదీస్తుంది. ఇప్పటి ప్రపంచంలో ఆమెకు మేకప్ బాగా తెలుసు. ఆ విద్యతోనే వాంగ్ సో మచ్చ కనపడకుండా చేస్తుంది. అతను మాస్క్ తీసి జనం ముందుకు వచ్చే సీన్ సిరీస్ మొత్తానికి హైలైట్. ఎందుకంటే అక్కడ టైమ్ ట్రావెల్ ఓ పని చేసింది. వెయ్యేళ్ల తర్వాతి చేతివిద్య ఓ మనిషి బతుకును మార్చింది.

ఆ తర్వాత అలాంటి సీన్ దాదాపు రాదు. అంతఃపురం ఆమెను భయపెడుతుంది, దండిస్తుంది, నోరు మూయిస్తుంది. భవిష్యత్తు గురించి ఆమెకు వచ్చే దృశ్యాలు భయం పెంచడానికే పనికొస్తాయి, నిర్ణయం తీసుకోవడానికి కాదు. చివరి ఎపిసోడ్లకు వచ్చేసరికి ఆమె నిజంగా గోర్యోలో పుట్టిన అమ్మాయే అనుకున్నా కథలో పెద్దగా ఏమీ మారదు. ప్రేక్షకులకు వచ్చే మొదటి వెలితి ఇక్కడే.

ఈ సిరీస్‌కు మూలం చైనా రచయిత్రి టాంగ్ హువా రాసిన నవల. దాన్ని చైనాలోనే 2011లో 35 ఎపిసోడ్ల సిరీస్‌గా తీశారు. అక్కడ కథ చింగ్ వంశపు కాంగ్షీ చక్రవర్తి కొడుకుల మధ్య నడుస్తుంది. అందులో హీరోయిన్ ఎనిమిదో రాకుమారుడికి మంచి చేద్దామని ‘నాలుగో రాకుమారుడితో జాగ్రత్త’ అని ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికే ఇద్దరి మధ్య పగకు కారణమవుతుంది. ఏళ్ల తర్వాత, తాను భయపడిన చరిత్రకు తానే కారణమని ఆమెకు అర్థమవుతుంది. ప్రేమించిన మనిషి కష్టాలకు మూలం తన మాటే అని తెలిశాక ఆ ప్రేమ నిలవదు. ఇది గట్టి లాజిక్. కొరియన్ వెర్షన్‌లో దీని నీడ కనిపిస్తుంది. కానీ కథను నడిపించే స్థాయికి మాత్రం రాదు.

లోపం 2: చివర్లో పరుగు

35 ఎపిసోడ్ల కథ ఇక్కడ 20కి కుదిరింది. అందులో మొదటి సగం రాకుమారుల పరిచయాలు, కామెడీ, వాంగ్ ఉక్‌తో తొలిప్రేమకే సరిపోయింది. తండ్రి మరణం, ఇద్దరు రాజుల పాలన, వాంగ్ సో పట్టాభిషేకం, ప్రేమ విరగడం, పెళ్లి, బిడ్డ, మరణం అన్నీ రెండో సగంలో తరుముకొచ్చాయి. నిజ చరిత్రలో తేజో మరణానికీ గ్వాంగ్‌జాంగ్ పట్టాభిషేకానికీ మధ్య ఆరేళ్లున్నాయి. సిరీస్‌లో మాత్రం ఆ బరువు తెలియదు.

దీంతో ఎక్కువగా దెబ్బతిన్నది వాంగ్ సో పాత్రే. ప్రేమించిన మనిషి నెమ్మదిగా భయపెట్టే రాజుగా మారడం చూడాలి కదా? ఆ మార్పుకు సరైన సమయం ఇవ్వలేదు. అసలు గ్వాంగ్‌జాంగ్ రక్తపాతానికి మాత్రమే గుర్తుండే రాజు కాదు. 956లో అక్రమంగా బానిసలైన వాళ్లను విడిపించే చట్టం తెచ్చాడు. 958లో ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్షల పద్ధతి మొదలుపెట్టాడు. పెద్ద కుటుంబాల పట్టు తగ్గించే ఎత్తుగడ అది. ఆ తర్వాతే ప్రత్యర్థుల ఏరివేత తీవ్రమైంది. ‘మనుషులంతా ఒకటే’ అని నమ్మే ఈ కాలపు అమ్మాయి పక్కనుంటే, ఆ బానిసల చట్టం వెనుక ఆమె మాట ఉన్నట్టు చూపడానికి ఎంత చక్కని అవకాశం! ప్రేమకథకూ చరిత్రకూ మధ్య వంతెన అక్కడే రెడీగా ఉంది. సిరీస్ దాని మీదుగా తీరిగ్గా నడవలేదు.

ఇంకో సంగతి. అప్పట్లో కొరియన్ సిరీస్‌లు చాలావరకు ఓవైపు ప్రసారమవుతూ మరోవైపు షూటింగ్ జరుపుకొనేవి. జనం స్పందన చూసి కథను సర్దుకునే వీలుండేది. మూన్ లవర్స్ షూటింగ్ మాత్రం ప్రసారానికి ముందే పూర్తయింది. కాబట్టి ‘హీరోయిన్ డల్ అయిపోతోంది’ అని జనం అన్నా కొత్త సీన్లు రాసి కలపడానికి ఛాన్స్ లేదు.

లోపం 3: వీడ్కోలు లేదు

ఇక అసలు విషయం, క్లైమాక్స్. రాజభవనం భరించలేక హే సూ వెళ్లిపోతుంది. పద్నాలుగో రాకుమారుడు వాంగ్ జంగ్‌ను పేరుకు పెళ్లి చేసుకుంటుంది. అప్పటికే కడుపులో వాంగ్ సో బిడ్డ ఉంది. చివరి రోజుల్లో ఒక్కసారి వచ్చి చూడమని అతనికి ఉత్తరాలు రాస్తుంది. ఆమె చేతిరాత అచ్చం వాంగ్ సో రాతలాగే ఉంటుంది. ఎవరికైనా అనుమానం వస్తుందని జంగ్ ఆ ఉత్తరాలను తన కవర్‌లో పెట్టి పంపుతాడు. జంగ్ మీద కోపంతో రాజు ఆ కవర్లు విప్పడు. విప్పేసరికి ఆమె లేదు.

తర్వాత హా-జిన్ ఈ కాలంలో కళ్లు తెరుస్తుంది. గోర్యో చిత్రాల ప్రదర్శనలో గ్వాంగ్‌జాంగ్ బొమ్మ చూసి అన్నీ గుర్తొచ్చి, ఒంటరిగా వదిలేసి వచ్చినందుకు కుమిలిపోతుంది. ఎదురుగా ఉన్నది బొమ్మే, మనిషి కాదు. అక్కడ రాజభవనంలో అతనూ ఒంటరే. కథ అయిపోయింది.

బాధాకరమే, కానీ సమస్య బాధ కాదు. వెయ్యేళ్లు దాటించి ఇద్దరినీ కలిపిన కథ, వాళ్లను విడదీయడానికి ఓ కవర్ మీది పేరును వాడుకుంది. అక్కడ కాలం అడ్డు రాలేదు, విధి అడ్డు రాలేదు, తపాలా అడ్డొచ్చింది. చైనా వెర్షన్ ముగింపు కూడా విషాదమే. కానీ అందులో ఈ కాలానికి తిరిగొచ్చిన హీరోయిన్‌కు అచ్చం నాలుగో రాకుమారుడిలాంటి మనిషి ఎదురవుతాడు. ఆమెను గుర్తుపట్టకుండానే వెళ్లిపోతాడు. ఆ ఒక్క చూపుతో కథ ముగిసిందన్న ఫీలింగ్ వస్తుంది. ఇక్కడ అది కూడా లేదు.

మన తెలుగు ప్రేక్షకులకు ఇది బాగా అర్థమయ్యే పోలిక ఒకటుంది. 2022లో వచ్చిన శర్వానంద్ సినిమా ‘ఒకే ఒక జీవితం’. చనిపోయిన తల్లిని కాపాడుకోవడానికి హీరో గతంలోకి వెళ్తాడు. కానీ విధిని తప్పించలేకపోతాడు. అయినా థియేటర్ నుంచి బయటికొచ్చిన వాళ్లు మోసపోయామని అనుకోలేదు. ఎందుకు? తల్లితో గడపడానికి అతనికి కొంత సమయం దక్కింది. చెప్పాల్సింది చెప్పుకున్నాడు. వెనక్కి వెళ్లింది మార్చడానికి కాదు, వీడ్కోలు చెప్పడానికి అని అర్థమైంది. చరిత్ర మారకపోయినా మనిషి మారాడు. మూన్ లవర్స్ ఇవ్వలేకపోయింది అదే.

అలాగని హ్యాపీ ఎండింగ్ ఇస్తే సరిపోతుందా?

అదీ కాదు. 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో పెద్ద హిట్టయిన ‘బాన్ ఆపెటిట్, యువర్ మెజెస్టీ’ తీసుకోండి. ఇందులో ఓ షెఫ్ జోసన్ కాలానికి వెళ్లి నియంతలాంటి రాజుకు వంట చేస్తుంది. 12 ఎపిసోడ్లూ సరదాగా సాగాయి. చివర్లో ఆమె తిరిగొచ్చేస్తుంది, కాసేపటికి రాజు కూడా ఈ కాలంలో ప్రత్యక్షమవుతాడు. ఎలా వచ్చాడు? దానికి జవాబు లేదు. చూసినవాళ్లు నవ్వుతూనే ‘ఇదెలా కుదిరింది?’ అని అడిగారు. మూన్ లవర్స్‌లో కలయిక లేక వెలితి వచ్చింది, ఇక్కడ కలయిక ఉన్నా లెక్క కుదరక వెలితి వచ్చింది.

రెండూ సరిగ్గా కుదిరిన ఉదాహరణ 2012 నాటి ‘క్వీన్ ఇన్-హ్యున్స్ మ్యాన్’. 1694 నుంచి ఓ పండితుడు ఈ కాలానికి వచ్చి ఓ నటిని ప్రేమిస్తాడు. అతను ప్రయాణించేది ఓ తాయెత్తు వల్ల. అది ఎప్పుడు పనిచేస్తుంది, పోతే ఏమవుతుంది అన్న రూల్ ముందే తెలుస్తుంది. అందుకే ఆ తాయెత్తుకు ముప్పు వచ్చినప్పుడల్లా చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది.

ఇలాంటి స్పష్టత మనకూ కొత్త కాదు. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో బాలకృష్ణను టైమ్ మెషీన్ ఎక్కించి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, అక్కడి నుంచి 2504కు తీసుకెళ్లారు. మెషీన్ ఉంటేనే ప్రయాణం, అది పాడైతే ఇరుక్కుపోవడమే. చిన్నపిల్లలకు కూడా ఆ రూల్ అర్థమైంది. మూన్ లవర్స్‌లో గ్రహణం ఎందుకు తీసుకెళ్లింది, ఎందుకు తిరిగి పంపింది అన్నది చివరికీ తేలదు. చెరువు దగ్గర కనిపించిన వ్యక్తి ముఖమే ఆస్థాన జ్యోతిష్యుడు చోయ్ జి-మాంగ్‌కూ ఉంటుంది. ఆ పాత్ర ఏదో చెబుతుందని ఆశగా చూస్తాం. అదీ సగంలోనే ఆగిపోతుంది.

మరి చూడాలా, వద్దా?

ఇన్ని లోపాలున్నా ఈ సిరీస్ ఇన్నేళ్లుగా బతికే ఉందంటే దానికి కారణాలున్నాయి. లీ జూన్-గి నటన మొదటిది. తల్లి చేతిలోనే ముఖం మీద మచ్చ తెచ్చుకున్న కొడుకుగా, ఆమె ఒక్క ప్రేమ మాట కోసం ఎదురుచూసే సీన్లలో అతను మాటల్లేకుండానే కట్టిపడేస్తాడు. వర్షంలో శిక్ష అనుభవిస్తున్న హే సూను ఒకరు వదిలేసి వెళ్తే, మరొకరు వచ్చి తన వస్త్రంతో కప్పి నిలబడే సీన్ ఇప్పటికీ క్లిప్పుల్లో తిరుగుతూనే ఉంది. పాటలు కూడా వెంటాడతాయి.

కాబట్టి మొదలుపెట్టేవాళ్లు ఇది టైమ్ ట్రావెల్ కథ అనుకుని కాకుండా, ఓ రాజకుటుంబం తనను తాను ఎలా నాశనం చేసుకుందో చెప్పే కథ అనుకుని చూస్తే నిరాశ తగ్గుతుంది. ఇంటర్నేషనల్ వెర్షన్‌కూ కొరియాలో ప్రసారమైన వెర్షన్‌కూ ఎడిటింగ్‌లో కొన్ని తేడాలున్నాయి. రెండూ చూసినవాళ్లు ఇంటర్నేషనల్ వెర్షన్‌నే ఎక్కువగా సిఫార్సు చేస్తుంటారు. సిరీస్ అయ్యాక కసి తీరకపోతే చైనా ఒరిజినల్ చూడొచ్చు. దానికి 2014లో సీక్వెల్ కూడా వచ్చింది.

ఇక మిగిలింది మన సంగతి. అమ్మరాజు, దానార్ణవుడు, జటాచోడ భీముడు.. పాతికేళ్లకు పైగా సాగిన ఈ వేంగి కథలో సింహాసనం ఉంది, సవతి సోదరుల హత్య ఉంది, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయిన కొడుకులూ ఉన్నారు. గోర్యో కథ మీద కొరియా గంటల కొద్దీ సిరీస్ తీసింది. వేంగి కథను తెర మీద ఎవరైనా చెప్పాలనుకుంటే ముడిసరుకంతా ఇక్కడే ఉంది. చెప్పేవాళ్లు హీరోయిన్‌కు తిరుగుప్రయాణం ఎందుకో మాత్రం ముందే ఆలోచించుకుంటే మంచిది.